కుడి పక్క యాభై నాలుగు

ఆ రోజుల్లో నాకు కుదురు అన్నది ఎలా ఉంటుందో తెలియదు. (ఇప్పుడు తెలుసు. నడుంనొప్పి నేర్పింది.) ధర్మవరంలో మా నాయన పట్టుచీరల డిజైన్లను గళ్ల కాగితం మీద గీసేవాడు. ఆయన పొద్దున కూర్చుంటే భోజనానికే లేచేవాడు. నేను పది గళ్లు నింపి వీధిలోకి పోయి, తిరిగొచ్చి అయిదు నింపి మంచినీళ్లకు పోయేవాణ్ని. అయినా ఒక్క సూత్రం మాత్రం నా చేతికి బాగా పట్టింది. చీరకు రెండు అంచులూ ఎదురెదురుగా చూసుకోవాలి. ఎడమ అంచులో చిలక కుడికి చూస్తే, కుడి అంచులో చిలక ఎడమకు చూడాలి. అందుకని ఒక పక్కకు గీసిన కాగితాన్నే తిరగేసి రెండో పక్కకు వాడేవాళ్లం. సగం పనితో రెండు అంచులూ అయిపోతాయి కాబట్టి నాలాంటివాడికి ఇది వరం లాంటిది.

హిందూపురంలో ఇంజనీరింగు చదివే నా స్నేహితుడొకడు, వాణ్ని అందరం కెప్టెన్ అనేవాళ్లం, తన జట్టుతో కలిసి ఒంటి సీటు రేసు కారు తయారు చేశాడు. పాత బైకు ఇంజను, ఇనుప గొట్టాలు, చుట్టూ రేకు. దానికి నంబరు వేయడానికి నన్ను పిలిచాడు. ఏ నంబరైనా పెట్టుకోవచ్చట, వాడు మాత్రం యాభై నాలుగు అని పట్టుబట్టాడు. అది వాళ్ల నాయన లారీ నంబరులో చివరి రెండంకెలు. ఆయన హిందూపురం చింతపండు వేసుకుని వస్తుండగా పెనుకొండ ఘాట్‌లో బ్రేకులు పోతే, లారీని మట్టిగుట్టకు ఎక్కించి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆ లారీయే నడిపాడు. చూపు మందగించి అంతకు ముందేడు దాన్ని అమ్మేశాడు. అప్పట్నుంచి ఇంట్లో సరిగ్గా మాట్లాడటం లేదని కెప్టెన్ చెప్పాడు. "మా నాయన ఆ నంబరు పరిగెత్తేది ఇంకొకసారి సూడాలప్పా," అన్నాడు. ఆ మాట విన్న ఊపులోనే పనిలోకి దిగాను.

రేసు నంబరంటే తెల్లటి గుండ్రంలో నల్లంకె ఉండాలి, దూరం నుంచి తెలియాలి, ఎందుకంటే చుట్లు లెక్క రాసేవాళ్లు మనిషిని చూడరు, నంబరునే చూస్తారు. నంబరు తెలియకపోతే ఆ చుట్టు తిరగనట్టే. ఇదంతా కెప్టెన్ రెండుసార్లు చెప్పాడు. నేను నిలబడలేక అటూ ఇటూ తిరుగుతూ విన్నాను. అయిదు పొట్టను మామిడిపిందెలా, నాలుగు తలను గోపురం అంచులా గీసి, కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, బొగ్గుపొడి అద్ది రేకు మీదికి గీత దించి, ఎడమ పక్క రంగు వేశాను. చూడముచ్చటగా వచ్చింది. కుడి పక్క గోడకు ఆనుకుని ఉంది. ఆ సందులో దూరి, అదే కాగితాన్ని అలవాటుగా తిరగేసి, గబగబా రంగు కొట్టేసి టీకి వెళ్లిపోయాను. కారు మీద టార్పాలిన్ కప్పి మర్నాడు పెనుకొండకు తీసుకుపోయారు.

రేసు పెనుకొండ దగ్గర ఒక లేఅవుట్‌లో. రోడ్లన్నీ వేశారు, ఒక్క ఇల్లూ లేదు, కారు గుద్దుకోవాలన్నా ఏమీ లేదు. మామ (కెప్టెన్ నాయనను అలాగే పిలిచేవాణ్ని) పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. టార్పాలిన్ తీయగానే నేను ఆయన్ని ఎడమ పక్కకు తీసుకుపోదామని చెయ్యి పట్టుకున్నాను. ఆయన డ్రైవరు కదా, అలవాటు కొద్దీ కుడి పక్కకే పోయి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. చదివితే నాలుగు ముందుంది, అయిదు తర్వాతుంది, రెండూ మనకు వీపు చూపిస్తున్నాయి. నా కాళ్లు మొదటిసారి కదలకుండా ఆగాయి.

"ఏమప్పా, నా లారీ నంబరు యనక్కి తిరుక్కోనుండాదే," అన్నాడు మామ. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు, వెంటనే మెత్తబడ్డాడు. "కానీలే. ముందరపోయే డ్రైవరు అద్దంలో సూస్తే సరిగ్గానే కనపడతాది."

కార్లు తనిఖీ చేసే సారు ఒప్పుకోలేదు. లెక్క రాసే మేడమ్ బల్ల సరిగ్గా కుడి పక్క కనపడే చోటే వేశారు, ఆమె చేతిలో అద్దం లేదు. పావుగంట టైమిస్తాను, తర్వాత గేటు మూసేస్తానన్నాడు. రంగు తుడిచి మళ్లీ వేస్తే ఆరదు. కెప్టెన్ హెల్మెట్ పట్టుకుని నేల చూస్తున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నేను తెల్ల కాగితం కోసమని గేటుదాకా ఉరికి, ఎందుకొచ్చానో మర్చిపోయి తిరిగొచ్చాను.

వచ్చేసరికి మామ కారు పక్కన నేల మీద చతికిలబడి ఉన్నాడు. ఎవరిదో ఫ్లెక్సీ బ్యానరు తిరగేసి తెల్ల పక్కను నా అంకెల మీద పరిచి, నల్ల ఇన్సులేషన్ టేపు పళ్లతో తెంచి అతికిస్తున్నాడు. కళ్లు సరిగ్గా ఆనక వేళ్లతో తడుముకుంటున్నాడు. లారీ తలుపు మీద నంబరు రంగు పోయినప్పుడల్లా ఆయనే దిద్దుకునేవాడట, చేతికి ఇంకా గుర్తుంది. అయిదు కాస్త వంగింది, నాలుగు కాలు పొడుగైంది. "కదలాకుండా పట్టుకో," అన్నాడు. అయిదు నిమిషాలు నేను కదలకుండా పట్టుకున్నాను. నా జీవితంలో అదో రికార్డు.

కారు పదకొండు చుట్లు తిరిగి పొగ వదిలి ఆగిపోయింది. ఆ పదకొండూ లెక్కలోకి వచ్చాయి. కారు ఎదుట నుంచి పోయినప్పుడల్లా మామ "అద్దో, నాది," అనేవాడు, పక్కనున్న ముక్కూ మొహం తెలియనివాళ్లకు కూడా. కప్పు వేరేవాళ్లు పట్టుకుపోయారు. మాకు ఆ సంగతి సాయంత్రానికి గానీ గుర్తు రాలేదు.

ఇప్పుడు ధర్మవరంలో నేనే డిజైన్లు చేస్తాను, కంప్యూటర్ మీద. ఎడమ అంచు పూర్తయ్యాక ఒక్క నొక్కు నొక్కితే చాలు, కుడి అంచు తనే తిరగబడి వస్తుంది. ఆ నొక్కు దగ్గర నా వేలు ప్రతిసారీ కాసేపు ఆగుతుంది. మామ పోయి మూడేళ్లయింది. నా మామిడిపిందె అంకెలు ఎంత అందంగా ఉండేవో ఫొటోలో చూస్తే తప్ప గుర్తుకు రావు. మామ టేపుతో అతికించిన నాలుగు అంకె పొడుగుకాలు మాత్రం ఇప్పుడు గీయమన్నా గీస్తాను. చీర చుట్లు ఎవరూ లెక్కపెట్టరులే అని నాకు నేనే చెప్పుకుని, నవ్వుకుని, నొక్కేస్తాను.