గిఫ్ట్ అంటే విషం

మా అమలాపురం ఆసుపత్రిలో నర్సుగా చేసిన ఆవిడ జర్మనీ ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటూ, వరండాలో పచార్లు చేస్తూ ప్రతి మాటకూ పుట్టిల్లు వెతికేది. మందుల కౌంటరులో ఉండే నన్నూ కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

వెళ్ళే రోజు బస్టాండులో, నేనిచ్చిన పెట్టె మీది 'గిఫ్ట్' అన్న కాగితాన్ని గోటితో గీకడం మొదలుపెట్టింది.

"అక్కడ ఈ మాటకి విషమని అర్థమండీ."

"అదేంటమ్మా?"

"ఇవ్వడం అన్న పాత మాటకే రెండూ పుట్టేయండీ. ఇంగ్లీషులో కానుకయ్యింది. అక్కడ మందివ్వడం కాస్తా విషమివ్వడమైపోయింది."

"మనకీ మందు పెట్టేరంటే అదే కదా!" అన్నాను.

ఆవిడ గీకడం ఆపేసింది. "అక్కడ నాకెవరేమిస్తారో ఏమోనండీ."

బస్సు వచ్చింది. ఆవిడ పెట్టె విప్పి, పూతరేకు తుంచి ముందు నా నోట్లో పెట్టింది. నేను నవ్వాను. తన ముక్క తింటూ ఆవిడ ఏడ్చేసింది.