పొట్టు పట్టే బండి

అది విమానం కాదే లాస్యా. నిన్న వీడియో కాల్లో నీకూ తమ్ముడికీ వినపడిన ఆ రొద మన గోడ పక్క వడ్రంగి షాపులోది, చెక్కపొట్టు పీల్చి పట్టే బండిది. విమానమా అని నువ్వు అడిగావు, అంతలోనే మీ అమ్మ ఫోన్ లాక్కుంది. ఫోన్ పెట్టేశాక కూడా నేను కిటికీ దగ్గరే నిలబడిపోయాను. టేకు పొట్టు వాసన వస్తోంది. ఆ మోటారు మొదలైతే చాలు, నా చెవి నీ ఊపిరిని వెతుక్కుంటుంది. నువ్వు బెంగళూరులో ఉన్నావనీ, స్కూల్లో పరుగు పందేలకు వెళుతున్నావనీ తెలిసినా సరే, వెతుక్కుంటుంది.

ఆ షాపు పెట్టి, ఆ బండి తయారుచేసిన సింహాచలం గారు నీకు గుర్తుండరు. అప్పటికి నీకు మూడేళ్లు నిండలేదు. మీ అమ్మానాన్నలవి కొత్త ఉద్యోగాలు కావడంతో నిన్ను నర్సీపట్నంలో ఈ అమ్మమ్మ దగ్గర ఉంచారు. ఆయన సన్నటి మనిషి, కనుబొమ్మల మీద ఎప్పుడూ పొట్టు ఉండేది. నన్ను చెల్లెమ్మా అనేవారు, నేను అన్నయ్యా అనేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ షాపులో తలుపు చెక్కకు నునుపు పట్టే మిషన్ వేశారు. కాసేపటికి నువ్వు నిద్రలోంచి లేచి కూర్చున్నావు. ఏడవలేదు. ఏడవడానికి ఊపిరి లేదు. రొమ్ములో పిల్లికూతలు, పెదవుల చుట్టూ నలుపు. నిన్ను భుజాన వేసుకుని ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాను. షాపు గుమ్మంలో ఉన్న ఆయన, "ఆగు సెల్లెమ్మా," అని అడ్డం వచ్చి నీ వీపుకు చెవి ఆనించారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఈ కూత నాకు తెలుసు," అన్నారు. అంతే. లోపలికెళ్లి ప్లగ్గు పీకేసి, చెక్కపొడి ఒంటితోనే మాతో పాటు ఆటో ఎక్కబోయి, మళ్లీ ఏమనుకున్నారో దిగిపోయారు. ఒంటి మీద పొట్టు ఉందని. చొక్కా మార్చుకుని సైకిల్ మీద వెనకే ఆసుపత్రికి వచ్చారు.

ముక్కుకు మాస్కు పెట్టి పొగమందు పట్టించాక నీ రంగు తిరిగింది. డాక్టరు గారు మాత్రం, "ఈ పిల్లకి దుమ్ము పడదండి. ఇంకోసారి ఇంత గట్టిగా వస్తే చెప్పలేం," అన్నారు. తెల్లారితే మళ్లీ మిషన్ మొదలవుతుందని ఆ రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆయనకు కూడు పెట్టే పని అది. ఆపమని ఎలా అడగను?

నేను అడగలేదు, ఆయనే ఆపేశారు. మర్నాటి నుంచి షాపులో రంపం లేదు, రేకు కత్తిరిస్తున్న చప్పుడు మాత్రం ఉంది. పాత వాక్యూం క్లీనర్ మోటారు, రంగు డబ్బా, రేకుతో చేసిన పెద్ద గరాటు ముందేసుకుని కూర్చున్నారు. ఏమిటన్నయ్యా ఇది అంటే, "నువ్వు బియ్యం గాలించినప్పుడు గిన్నె తిప్పుతావు గదా, రాళ్లు ఓ పక్క, బియ్యం ఓ పక్క అయిపోతాయి. ఆ పనే ఈ గరాటులో గాలి సేస్తాది. పొట్టు సుట్టూ తిరిగి కిందున్న డబ్బాలో పడిపోద్ది, గాలొక్కటే పైకెల్లిపోద్ది," అన్నారు.

మొదటిసారి స్విచ్ వేయగానే రంగు డబ్బా డొక్కలు లోపలికి పోయి నలిగిపోయింది. ఆయన భార్య నూకరత్నం వదిన పడీ పడీ నవ్వింది. "ఏటయ్యా, నీ మొగం సూసి డబ్బా సిగ్గుతో ముడుసుకుపోనాది!" తరువాత మందపాటి ఇనుప డ్రమ్ము తెచ్చారు. మూత కింద సైకిల్ ట్యూబు కోసి అతికించారు. అడుగున చక్రాలు బిగిస్తుంటే వదిన మళ్లీ అందుకుంది. "సక్రాలెందుకు, ఊరేగిస్తావేటి?"

"పొట్టు ఒక్క సోటే లేస్తాదేటే? ఏ మిషన్ కాడ లేస్తే దాని కాడికే ఈడిసికెల్తాను."

బండి పనిచేసింది. కిటికీ గట్టు మీద వేలితో రాస్తే వేలు శుభ్రంగా వచ్చింది. అయినా నా భయం పోలేదు, పూటకి పదిసార్లు తడిగుడ్డతో ఆ గట్టు తుడిచేదాన్ని. ఆయన చూసి నవ్వలేదు. "బయం ఉంటే ఉండనీ సెల్లెమ్మా. సెయ్యి మాత్రం ఆపకు," అన్నారు.

ఆ దసరాకి పండగ ముందు రోజు షాపంతా ఆ బండితోనే దులిపారు. డ్రమ్ము మెత్తటి పొడితో నిండిపోయింది. ఆయుధపూజ నాడు ఉలి, చిత్రిక, రంపం అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టారు. బండికీ పెట్టారు. దాని మొహం ఏదో తేల్చుకోలేక వదిన గొట్టం నోటికే బొట్టు పెట్టి, దాని ఎదుట అరటిపండుకి అగరొత్తులు గుచ్చింది. కొబ్బరికాయ కొట్టాక ప్రతి మిషన్నీ ఒకసారి తిప్పడం వాళ్ల ఆనవాయితీ. ఆయన దండం పెట్టుకుని బండి స్విచ్ వేశారు. అగరొత్తి కొసన ఉన్న నిప్పు గొట్టంలోకి వెళ్లడం ఎవరం చూడలేదు.

బండి పైనుంచి పొగ వచ్చింది. ముందు సాంబ్రాణి అనుకున్నాం. తరువాత డ్రమ్ము మీది కుంకుమ నల్లబడింది. వదిన నీళ్ల బిందె తీసుకుని మూత మీద చెయ్యి వేసింది.

"మూత ముట్టుకోకే! గాలి తగిల్తే బగ్గుమంతాది!" ఆయన అరిచారు.

చుట్టూ టేకు చెక్కలు, మూల వార్నీషు డబ్బాలు, ఆ వెనక మన గోడ. నా చంకలో కొబ్బరిముక్క చీకుతూ నువ్వు. "సెల్లెమ్మా! పిల్లనెత్తుకుని బేగి ఈదిలోకి పో!" ఆ కేకకి వీధిలోకి ఉరికాను. ఆయన ప్లగ్గు పీకేసి, బండి కంతల్లో తడి గోనెలు కుక్కి, కణకణ కాలుతున్న డ్రమ్మును ఉత్త చేతులతో తోశారు. చక్రాలు గడప దగ్గర ఆగిపోయాయి. ఇక అయిపోయిందనుకున్నాను. ఆయన భుజం ఆనించి ఒక్క ఊపు ఊపితే గడప దాటి రోడ్డు మీద పడింది. సాయంత్రం దాకా అక్కడే, తడి గోనెల కింద, మూత తీయకుండా పొగలు కక్కుతూ ఉంది.

నువ్వు ఒక్కసారి దగ్గావు. అరచేతుల తోలు ఊడి వేలాడుతున్నా చూసుకోకుండా ఆయన వచ్చి నీ వీపుకు చెవి పెట్టారు. చాలాసేపు విన్నారు. "కూత లేదు," అన్నారు. అప్పుడు గడప మీద కూలబడి వణికిపోయారు. మంట ముందు వణకని మనిషి.

మరుసటి ఏడు నువ్వు బెంగళూరు వెళ్లిపోయావు. ఆయన కొత్త డ్రమ్ముకు పాత చక్రాలే బిగించి, గడప దగ్గర ఏటవాలు చెక్క వేశారు. రెండు వేసవుల కిందట పోయారు. షాపు ఇప్పుడు ఆయన తమ్ముడి కొడుకు నడుపుతున్నాడు. నేను ఈ రోజుకీ అగరొత్తి వెలిగించే ముందు ఫ్యాన్ ఆపుతాను, గాలి ఎటు వీస్తోందో చూస్తాను. భయం వేసినప్పుడు తడిగుడ్డ తీసుకుని కిటికీ గట్టు తుడుస్తాను. నిన్న కూడా తుడిచాను.

నీతో మాట్లాడానని చెబితే నూకరత్నం వదిన నీ చదువు సంగతి అడగదు. "ఊపిరి బానే ఆడతందా?" అంటుంది, అంతే. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో వాళ్లిద్దరే. పిల్లలు ఉన్నారని గానీ, పుట్టారని గానీ ఎవరూ అనగా వినలేదు. ఆయన ఉండగా ఎన్నోసార్లు ఒక ప్రశ్న నోటిదాకా వచ్చింది, అడగలేకపోయాను. వదినను అడగడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు.

ఆ మధ్యాహ్నం, ఈ కూత నాకు తెలుసు అన్నారు. ఎవరి వీపుకు చెవి ఆనించి తెలుసుకున్నారన్నయ్యా?