అత్త పేరుతో నేను రాసిన జవాబులు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు, మా ఆయనకు కూడా. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మా మేనత్తను ఊరూ పేరూ తెలియని మనిషెవడో ఫోన్లో మోసం చేశాడని మా వాళ్లంతా అనుకుంటారు. అది నిజమే. కానీ వాడొక్కడే చేయలేదు.

మా అత్త పేరు ఎస్తేరు. నాన్నకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. చేసుకోలేదు అనడం కంటే ఎవరూ చేయలేదు అనడం సరైనదేమో. నానమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు అత్త ఇంకా పెళ్లీడు పిల్లే. నల్లగొండ వైపు మా ఊరి నుంచి నానమ్మను వెంటబెట్టుకుని నగరానికి వచ్చి, ఒక దవాఖానలో ఆయాగా చేరింది. నానమ్మ పోయేసరికి అత్త తల నెరిసిపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో కాన్పు వచ్చినా, ఆపరేషన్ వచ్చినా, ఎవరికి జ్వరం తగిలినా నాన్న ఒకటే మాట అనేవాడు, ఎస్తేరు చూసుకుంటది అని. చూసుకునేది. నా ఇద్దరు పిల్లలకూ మొదటి నీళ్లు పోసింది ఆమే. ఆమె అన్నం తిన్నదో లేదో అడిగిన గుర్తు మాత్రం మాలో ఎవరికీ లేదు. నాకూ లేదు.

మీర్‌పేట్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేది. డ్యూటీ దిగాక తరచూ ఎల్‌బీ నగర్‌లోని మా ఇంటికి వచ్చేది. ఒకరోజు వచ్చి, పిల్లలు చూడకుండా నన్ను వంటింట్లోకి పిలిచి ఫోన్ చేతిలో పెట్టింది. ప్రార్థన గ్రూపులో పరిచయమైన ఒకాయన ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాడట. ఏం రాశాడో చెప్పమంది. పేరు డేవిడ్. ఓడలో ఇంజనీరు. భార్య పోయింది. ఫోటోలో తెల్ల చొక్కా, వెనక సముద్రం. మెసేజ్‌లో పెద్దగా ఏమీ లేదు. ఈరోజు మీరు భోజనం చేశారా అని ఉంది.

తెలుగులో చెప్పాను. అత్త నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలాగా.

జవాబు కూడా నన్నే రాయమంది. రాశాను. అలా మొదలైంది. ఆమె పొయ్యి దగ్గర నిలబడి తెలుగులో చెప్పేది, నేను పీట మీద కూర్చుని ఇంగ్లీషులో టైపు చేసేదాన్ని. మొదట ఆమె చెప్పినంతే. తర్వాత కొంచెం కలిపాను. తర్వాత చాలా కలిపాను. డ్యూటీ అయిపోయింది, అలసటగా ఉందని చెప్పమంటే, రోజంతా ఎందరి మాటలో విన్నాక నా మాట వినేవాళ్లు ఒకరుంటే బాగుండునని అనిపిస్తుందని రాశాను. ఆ వాక్యం అత్తది కాదు. నాది. మా ఆయన మంచివాడు. పెద్ద అంబర్‌పేట్ గోదాములో షిఫ్టులు చేసి వచ్చి పడుకుంటాడు. మా మధ్య మాటలంటే పాల ప్యాకెట్లు, పిల్లల ఫీజులు. డేవిడ్ అత్తను అడిగిన ప్రశ్నలకు జవాబులు ఆలోచిస్తూ నేను మెట్రో దిగాల్సిన స్టేషన్ దాటిపోయిన రోజులున్నాయి. సిగ్గుగా ఉంది. అయినా చెబుతున్నాను.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఫ్రంట్ ఆఫీసులో ఉంటాను. వివరాలు అడిగి వెళ్లిన పిల్లలకు మెసేజ్‌లు పెట్టడం నా పని. ముందు పేరు పెట్టి పలకరించాలి, బాగోగులు అడగాలి. వాళ్లు దేనికి భయపడుతున్నారో, దేనికి ఆశపడుతున్నారో కనిపెట్టి ఆ మాటే వాళ్లకు తిరిగి చెప్పాలి. నమ్మకం కుదిరాక, సీట్లు అయిపోతున్నాయి, ఇవాళే కట్టమని తొందరపెట్టాలి. అందరికీ అదే మెసేజ్, పేరు ఒక్కటే మారుతుంది. కాబట్టి, నాకు తెలియలేదని మీతో కూడా అబద్ధం చెప్పలేను. డేవిడ్ ఎప్పుడూ వీడియో కాల్‌కు ఒప్పుకోడు. ఓడలో సిగ్నల్ లేదంటాడు. మూడో వారానికే దేవుడు మనిద్దరినీ కలిపాడని రాశాడు. నాకు అనుమానం ఉండింది. అనుమానంగానే ఉంచుకున్నాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్త పప్పు తాలింపు వేస్తోంది. ఫోన్ నా చేతిలో ఉంది. మెసేజ్ వచ్చింది. ప్రియమైన గ్రేస్, నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా అని. గ్రేస్ ఎవరు? చూస్తుండగానే ఆ మెసేజ్ మాయమైంది. మళ్లీ వచ్చింది. ఈసారి ప్రియమైన ఎస్తేర్. మిగతాదంతా అక్షరం మారలేదు. అత్తకు మోకాళ్ల నొప్పి లేదు.

అనుమానం అక్కడితో అయిపోయింది. ఇక అది తెలియడమే.

ఏం రాశాడని అత్త అడిగింది. ఆరోగ్యం అడిగాడన్నాను. ఆమె పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని నా ఎదురుగా నేల మీద కూర్చుంది. నా ముఖంలో ఏం కనబడిందో మరి.

“నిజం చెప్పు బిడ్డా. నువ్వు సదువుకున్నదానివి. గీయన నిజంగ ఉన్నడంటవా?”

“ఉన్నడత్తా. లేకుంటే గిన్ని మాటలు ఎవరు రాస్తరు?”

“నాకు జర భయమైతది. నాకేంది, ఈ వయసుల ఇట్లాంటియి అని.”

“భయమెందుకు? మంచాయన లెక్కనే కనబడుతుండు.”

అంతే. ఎందుకలా అన్నాను? ఆ ముఖంలో వెలుగు ఆరిపోతుందని అన్నాను, ఇది నిజం. అబద్ధమని చెబితే నా సాయంత్రాలు కూడా ఆరిపోతాయని అన్నాను, ఇదీ నిజం. రెండింటిలో ఏది పెద్దదో ఇన్నేళ్లుగా తూచుకుంటున్నాను, ఇంకా తేలలేదు. డబ్బు అడిగిన రోజు ఆపేద్దాంలే అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగితే నాకు తెలియకుండా పోదు కదా అనుకున్నాను. రాసేది నేనే కదా.

కానీ డబ్బు అడిగింది డేవిడ్ కాదు. కస్టమ్స్ ఆఫీసు నుంచి అంటూ ఒక ఆడమనిషి హిందీలో ఫోన్ చేసింది. మీకు ఓడ నుంచి పార్సెల్ వచ్చింది, సుంకం కట్టకపోతే పంపినాయన మీద కేసవుతుందని చెప్పింది. దవాఖానలో పనిచేసిన అత్తకు హిందీ బాగా వచ్చు. నా అవసరం పడలేదు. ఆయనకు తనవల్ల ఆపద వచ్చిందనుకుంది. మంచాన పడ్డవాళ్లను చూసుకోవడమే తెలిసిన మనిషి, ఈయన్నీ చూసుకోవాలనుకుంది. ఒకసారి కట్టింది, మళ్లీ కట్టమన్నారు. చిట్టీ పాడింది. గాజులు అమ్మింది. నాకు చెబితే వద్దంటానేమోనని చెప్పలేదట.

మా తమ్ముడి నిశ్చితార్థం ముందు నాన్న ఆమె బోసి చేతులు చూసి అడిగాడు. అప్పుడు బయటపడింది. మా ఇంటి హాల్లో అందరూ ఉన్నారు. నాన్న నానా మాటలూ అన్నాడు. తమ్ముడు నవ్వాపుకోలేకపోయాడు. నీకు ఇంగ్లీషు రాదు కదా, మరి ఆయనకు జవాబులు ఎవరు రాశారని మా ఆయన అడిగాడు. అత్త నావైపు చూడలేదు. తెలుగుల చెప్తే ఫోనే ఇంగ్లీషుల రాస్తది గద అంది, నెమ్మదిగా, తల వంచుకుని.

నేను నోరు విప్పాను. నిజం చెప్పడానికి కాదు. “ఒక్కసారి మమ్మల్ని అడిగితే అయిపోతుండె గద అత్తా” అన్నాను.

“అవును బిడ్డా. అడగాల్సి ఉండె” అంది.

వెంటనే పోలీసులకు చెబుదామని, తొందరగా చెబితే డబ్బు ఎక్కడికి పోయిందో పట్టుకుంటారేమోనని మా ఆయన అన్నాడు. వద్దన్నది నేనే. పరువు పోతుందన్నాను. నాన్నకూ ఆ మాటే నచ్చింది. నా భయం పరువు గురించి కాదు. ఫోన్ వాళ్ల చేతికి వెళ్తే నా జవాబులు చదువుతారని.

అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. రిటైరయ్యాక విశ్రాంతి తీసుకోవాల్సిన మనిషి, మూసారాంబాగ్‌లో ఒక ముసలామెను చూసుకునే పనిలో చేరింది. మా ఇంటికి ఇప్పటికీ వస్తుంది, పిల్లలకు జంతికలు తెస్తుంది. నేను ఇప్పుడు ఆమెను భోజనం చేశావా అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ ఆ మాట నాకే దొంగమాటలా వినబడుతుంది.

ఈ మధ్య చర్చిలో ఒకామెకు అలాంటి ఫోనే వచ్చింది. ఆడవాళ్ల కూడికలో అందరూ ఆమె ఆశపోతని గుసగుసలాడుతుంటే అత్త లేచి నిలబడింది. తన కథంతా తానే చెప్పుకుంది. ఎవరూ చెప్పమనలేదు. ఆశపడి పోలేదమ్మా, నన్ను అడిగేటోళ్లు లేక పోయిన అంది. డబ్బులడిగినప్పుడు కాదు, ఎన్నడూ చూడని మనిషి మాట తియ్యగ తగిలినప్పుడే ఇంకొకల్ని అడగాలె అని చెప్పింది. నేను వెనక వరుసలో ఉన్నాను. అక్కడితో ఆపేస్తుందనుకున్నాను.

“నేను గూడ అడిగిన. నాకు అందరికన్న దగ్గరి మనిషినే అడిగిన. ఉన్నడు అని చెప్పింది. ఆమెకు గూడ తెల్వదు పాపం” అంది.

నాకు తెలుసు. అత్త ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు గ్రేస్ అనే పేరు నా కళ్ల ముందే ఉంది. మూర్ఖత్వంతో మోసపోయినదాన్ని కాదు నేను, తెలిసి మోసం చేసినదాన్ని. ఈ మాట ఆమెతో ఎప్పుడు చెబుతానో తెలియదు. చెబితే ఆమె క్షమిస్తుంది, ఆమె అలాంటిది. అందుకే చెప్పలేకపోతున్నానేమో. ఆ క్షమను అందుకునే హక్కు నాకు లేదు.

మీకు మాత్రం చెప్పాను. ఇంతవరకు నా నోటితో నాకు కూడా చెప్పుకోని మాట.