మడ్గార్డు కింద రోకలి

చక్రాల బోల్టులు విప్పే స్పానర్‌తో నా కొడుకు నా మనవడి కనుబొమ చీల్చాడు. మనవడు నెత్తురైనా తుడుచుకోకుండా తండ్రి గొంతు పట్టుకుని గోడకు అదిమాడు. నేను పొయ్యి దగ్గర గంజి వారుస్తున్నాను. వదలండ్రా అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనలేదు. గంజి గిన్నె తెచ్చి ఇద్దరి పాదాల మీదా పోశాను. అప్పుడు విడిపోయారు.

"అత్తా, కాళ్ళు బొబ్బలెక్కుతాయే!" అని కోడలు ఏడ్చింది.

"పీనుగలైతే బొబ్బలు గూడా ఎక్కవు. ఏడ్సింది సాలు, పసుపు దీసకరా" అన్నాను.

ఇంతకీ కారణం నాలుగు చక్రాలు. నా కొడుకు ఊరివాళ్ళ కార్లు తోలి తోలి చివరికి సొంతంగా ఒకటి కొన్నాడు. కాణిపాకం వచ్చినవాళ్ళను తిరుపతికి, చంద్రగిరి కోటకు తిప్పుతాడు. మా ఇంట్లో ఉడికే అన్నం దానిదే. మోకాళ్ళు వాచి వాడు నెల రోజులు మంచం పట్టినప్పుడు మనవడు తోలాడు. ఊరికే తోలలేదు. కారుతో వచ్చిన చక్రాలు అంగట్లో ఇచ్చేసి, వాటికి బదులు పెద్దవి, మెరిసేవి, వెడల్పాటి టైర్లవి బిగించుకొచ్చాడు. పాతవి వెనక్కి అడుగుదామంటే అవి అప్పటికే ఎవరికో పోయాయి.

ఖాళీ కారుకు ఏమీ కాలేదు. మనుషులు నిండా కూర్చుని గతుకులో పడితే మాత్రం వెనక చక్రం మడ్గార్డుకు ఒరుసుకుని 'బర్ర్' మనేది. నా కొడుకు మంచం దిగి తోలిన మొదటి రోజే పూతలపట్టు మలుపులో ఆ చప్పుడు వచ్చింది, వెనకే రబ్బరు కాలిన కంపు. కారులోవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని అక్కడే దిగిపోయారు. దిగి చూస్తే టైరు అంచు చెక్కుకుపోయి లోపలి దారాలు కనిపిస్తున్నాయి. ఇంకొంచెం దూరం పోయుంటే పేలేది. వాడు ఆ టైరును ముందుకు, ముందుదాన్ని వెనక్కి మార్చుకుని, ఖాళీ కారు మెల్లగా తోలుకొచ్చి, ఇంట్లో అడుగు పెడుతూనే స్పానర్ ఎత్తాడు.

గంజి ఆరకముందే ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు.

"రేపు గూడా ఆ సప్పుడొస్తే గ్రైండర్ పెట్టి మడ్గార్డు కోసేస్తా. అడ్డమొస్తే నిన్ను గూడా కోస్తా" అన్నాడు కొడుకు.

"కోసి సూడు నాయనా. అదే కారు నీ మీద ఎక్కిచ్చకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాడు మనవడు.

కోడలు అవి కోపం మాటలనుకుంది. నేను అనుకోలేదు. నా మరుదులిద్దరు నీళ్ళ మోటారు దగ్గర ఇలాంటి మాటలే అనుకుని, మరునాడు పారలతో కొట్టుకున్నారు. చిన్నవాణ్ణి చాపలో తెచ్చారు. పెద్దవాడు జైలు నుంచి వచ్చాక ఎవరితోనూ మాట్లాడకుండా చచ్చాడు. ఆ చాప కడిగింది నేనే. అందుకే ఆ రాత్రి కత్తిపీట, కొడవలి, స్పానర్ నా తలకింద పెట్టుకుని పడుకున్నాను.

పొద్దున్నే కొడుకు ఇంకో మాట పట్టుకున్నాడు. "కొత్త చక్రాలకు నెత్తురు సూపియ్యలా ఈడు. వట్టి నిమ్మకాయలు తొక్కిచ్చినాడు. అందుకే గరగర అంటా ఉండాది."

"నెత్తురు నిన్ననే సూపిస్తివి గదరా, నీ కొడుకుది" అన్నాను.

వినలేదు. ఆరు పెట్టలకు మాకున్నది ఒకటే పుంజు. దాన్నే పట్టాడు. వెనక చక్రం దగ్గర మెడ కోసి, ఆ మెడతోనే టైరు చుట్టూ పూశాడు. అటు పక్కా పూశాడు. మొండెం కారు కిందికి దూరి రెక్కలు కొట్టుకుంది. ఈకలు నెత్తుటికి అంటుకున్నాయి. మనవడు కనుబొమకు గుడ్డ కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నాకైతే పుంజు పోయిందనే కడుపు మండింది.

తర్వాత చప్పుడు పోయిందో లేదో చూద్దామని అందరం ఎక్కాం. వెనక వేరుశనక్కాయల మూటలు కూడా వేశాం. ఐరాల దాకా పోకముందే స్పీడ్ బ్రేకర్ మీద 'బర్ర్' మంది. ఇంటికి రాగానే కొడుకు కారు దిగి, గ్రైండర్ తేవడానికి వెల్డింగు పని చేసే అతని ఇంటికి నడిచాడు. మనవడు గడ్డపార తీసుకుని కారుకు ఆనుకుని నిలబడ్డాడు.

నేను చెంబుతో నీళ్ళు తెచ్చాను. నెత్తురు ఎండితే చీమలు పడతాయి, కడిగేద్దామని. చక్రం పైన లోపలికి చెయ్యి పెడితే ఈక ఒకటి తగిలింది. లాగితే రాలేదు. వంగి చూశాను. మడ్గార్డు లోపల అంతటా మట్టే ఉంది. పైన ఒక్కచోట, నాలుగు వేళ్ళ పొడవున మాత్రం నెత్తురు గీత ఉంది. టైరు తగిలేది అక్కడే. వేలితో తడిమాను. రేకును అక్కడ కారు చేసినవాళ్ళే చీర అంచులా లోపలికి మడిచారు. ఆ మడత నిలబడి కత్తిలా ఉంది. అటు పక్క చూస్తే అక్కడా అంతే.

కొడుకు గ్రైండర్‌తో వచ్చాడు. మనవడు గడ్డపార ఎత్తాడు. నేను మధ్యన నిలబడి నెత్తురంటిన వేలు చూపించాను.

"ఇంత మడత. దీన్ని పైకి అణిసితే సాలు. కోస్తే కోసిన కాడంతా తుప్పు పడతాది. కారు ఏమన్నా గుమ్మడికాయరా కొయ్యడానికి?"

"సుత్తితో కొడితే పెయింట్ పగులుతాది అవ్వా" అన్నాడు మనవడు.

"సెగ సూపితే అరిటాకే సినగదు. పెయింట్ పగులుతాదా? నీళ్ళు కాంచు."

మసిలే నీళ్ళలో గుడ్డలు ముంచి ఆ అంచు మీద వేయించాను. తర్వాత రోకలి తెచ్చాను. జాకీతో కారు కొద్దిగా ఎత్తి, టైరుకూ మడతకూ మధ్య రోకలి అడ్డంగా దూర్చి, జాకీ దించాం. ఇక కారు ముందుకీ వెనక్కీ జానెడు జానెడు కదలాలి. చక్రం తిరిగితే రోకలి దొర్లుతుంది, దొర్లుతూ మడతను పైకి అణుస్తుంది. ఒకడు స్టీరింగు దగ్గర ఉండాలి. ఇంకొకడు రోకలి కొన పట్టుకుని, చక్రానికి ముఖం ఆనించి కూర్చోవాలి.

ఎవరెక్కడో ముందు మనవడికి, తర్వాత కొడుకుకు నేనే చెప్పాను. "నువ్వు తోలు. నువ్వు పట్టుకో."

కోడలు నా చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా, వాడు నిన్న ఏమన్నాడో ఇన్నావు గదా!"

విన్నాను కాబట్టే చెప్పాను.

కొడుకు కూర్చున్నాడు. వాడి అరచేయి టైరు పక్కనే ఉంది. "రా" అన్నాడు. కారు కదిలింది. రేకు కిర్రుమంది. "నిలుపు. ఎనక్కి పో." వెనక్కి పోయింది. మూడోసారి రోకలి జారి ఎగిరి వాడి దవడను కొట్టింది. వాడు వెల్లకిలా పడ్డాడు. నోటినిండా నెత్తురు. కారు మాత్రం జానెడు కూడా కదలలేదు. మనవడు బ్రేకు మీద నిలబడినట్టుగా తొక్కి ఉంచాడు, దిగడానికి కూడా భయపడి.

"నాయనా! నేను కాదు నాయనా!"

కొడుకు విరిగిన పన్ను ఉమ్మేసి, మళ్ళీ రోకలి దూర్చాడు. "తెలుసులే. మెల్లగా రా."

ఆ పక్క అయ్యాక, రెండో పక్కకు వాడే అన్నాడు. "నువ్వొచ్చి పట్టుకో. నేను తోలతా." మనవడు తండ్రి వాచిన దవడ వంక చూశాడు. కనుబొమ గుడ్డ సర్దుకుని, చక్రం పక్కన కూర్చుని చెయ్యి పెట్టాడు. నా కొడుకు జీవితంలో కారు అంత మెల్లగా తోలడం నేను చూడలేదు.

అవే మూటలు, అదే స్పీడ్ బ్రేకర్. ఈసారి టైరు తిరిగే చప్పుడే తప్ప ఇంకేమీ రాలేదు. చెక్కుకుపోయిన టైరు మార్చేదాకా బాడుగలకు పోకూడదని నేను అన్నాను, ఇద్దరూ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం పుంజు కూర వండాం. కొడుకు నమలలేక పులుసు మాత్రం తాగాడు.

వాళ్ళు పోట్లాడడం మానలేదు. డీజిల్ గురించి, ఫోన్ గురించి అరుచుకుంటూనే ఉంటారు. స్పానర్ మాత్రం నా బియ్యం డబ్బాలో అడుగున ఉంది. చక్రం విప్పాల్సి వస్తే ఇద్దరూ కలిసి వచ్చి అడగాలి. ఒక్కడే వస్తే ఇవ్వను.