తలుపు చాటు అత్త

మా అత్త పోయిన వారం చనిపోయింది. నేను గనిలో మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తుంటే బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అవ్వ లేదు" అన్నాడు. పొద్దున చాయ్ తాగి, వాకిట్లో ఎండకు కూర్చుని, గోడకు తల ఆనించిందట. కోడలు గ్లాసు తీయడానికి వచ్చేసరికే ప్రాణం పోయింది. ఎవరినీ పిలవలేదు. ఆమె పద్ధతే అంత.

కమాన్‌పూర్ దగ్గరి ఆ ఊరికి చేరాక ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాను. బతికి ఉండగా అలా చూసే వీలు చాలా ఏళ్లు దొరకలేదు. మా అత్తగారింట్లో అల్లుడి ఎదుటికి అత్త రాకూడదు, నేరుగా మాట్లాడకూడదు. తల మీద కొంగు కప్పుకుని తలుపు చాటున నిలబడాలి. గోదావరిఖనిలో మా క్వార్టర్‌కు వచ్చినా వంటింట్లో పీట మీదే ఆమె చోటు. సిమెంటు సంచిలో పెసర్లో, చింతకాయ తొక్కో మోసుకొచ్చేది. నేను డ్యూటీ నుంచి వచ్చిన చప్పుడు కాగానే లోపలి నుంచి, "నీళ్లు కాగినయని అల్లునికి చెప్పు" అనేది. నా భార్య వచ్చి అదే మాట నాకు చెప్పేది. సరేనని నేను ఆమెతోనే చెప్పించేవాణ్ణి. ఉన్నవి రెండు గదులు. ఎవరి మాటైనా అందరికీ వినబడేదే. ఒకసారి నా భార్యకు విసుగొచ్చి, "మీ ఇద్దరి నడుమ నేనేమన్న ఫోన్ తీగనా?" అంది. వంటింట్లో అత్త నవ్వింది. ఇవతల నేనూ నవ్వాను. అయినా మేం మాట్లాడుకోలేదు.

చికున్‌గున్యా కొన్నేళ్ల కిందట మా వైపంతా తిరిగిన వానాకాలం అది. మా క్వార్టర్ల లైనులో ఇంటికి ఒకరు కాదు, ఇంటిల్లిపాదీ మంచాన పడ్డారు. జ్వరం దిగినా కీళ్లు వదిలేవి కావు. గనిలో మొద్దులు మోసే మనుషులు కూడా గోడ పట్టుకుని నడిచారు. పెళ్లయిన చాలా ఏళ్లకు నా భార్యకు కడుపు నిలిచింది. అప్పుడు ఏడో నెల. నాకు జ్వరం వచ్చిన వెనకే ఆమెకూ వచ్చింది. దవాఖానలో చేర్చుకున్నారు. జ్వరం ఇలాగే ఉంటే లోపలి బిడ్డకు మంచిది కాదని డాక్టరమ్మ చెప్పిందట. నేను వెళ్లి చూద్దామంటే కాలు కింద మోపలేను.

అత్త వచ్చింది. ఈసారి సంచిలో వావిలాకు, చంకలో కోడి. రాత్రంతా వార్డులో కూతురి దగ్గర ఉండి, పొద్దున మా ఇంటికి వచ్చేది. ఇల్లు ఊడ్చి, నిలవ నీళ్లు పారబోసి, నొప్పులకు మంచిదని వావిలాకు వేసి నీళ్లు కాచేది. మాట మోసే మనిషి మధ్యలో లేదు కనుక తలుపుతో మాట్లాడేది. "నీళ్లు తానానికి పెట్టిన" అని తలుపుకు చెప్పేది. "జ్వరం ఇంట్లకు వచ్చింది గని, ఇల్లు దానిది గాదు" అని చీపురుతో అనేది. కంచంలో అన్నం పెట్టి గడప దగ్గర ఉంచి, గంటెతో గిన్నె మీద చప్పుడు చేసి, మళ్లీ దవాఖానకు పోయేది.

నేను తినలేకపోయాను. వేళ్లు ముడుచుకోవు. ముద్ద కలిపితే జారిపోయేది, చెంచా పట్టినా నిలిచేది కాదు. రోజు ఖర్చు రాసుకునే కలమే పట్టడం రాలేదు. రెండు మణికట్ల మధ్య గ్లాసు ఇరికించుకుని నీళ్లు మాత్రం తాగేవాణ్ణి. ఆ సంగతి అత్తకు చెప్పడానికి నోరు రాలేదు. ఆమె ఏమో అల్లుడు అలిగాడనుకుంది. అల్లుళ్ల అలకలు ఆమె ఎరగనివి కావు. పప్పు తిరిగి వస్తే మరునాడు గుడ్డు వండింది. అదీ తిరిగి వచ్చాక కోడిని కోసింది.

ఆ రోజు కిటికీ అవతల, పక్క క్వార్టర్ అక్కతో ఆమె మాటలు వినిపించాయి.

"కోడి కోసినవా అవ్వా? ఈ జ్వరం కోడితోటే వస్తదంటున్నరు గద" అంది అక్క.

"మా ఇంట్ల పెరిగిన కోడి. దానికెన్నడు జ్వరం రాలే" అంది అత్త. తర్వాత గొంతు తగ్గించింది. "అల్లుడు అలిగిండు బిడ్డా. కంచం ముడుతలేడు. ఏం తక్కువైందో ఎరుకైతలేదు."

"అలుగుడు గాదవ్వా, చేతులు వస్తలేవు. మా ఆయినకు గూడ నేనే తినిపిస్తున్న."

తర్వాత అత్త గడప దాటి గదిలోకి వచ్చింది. నా మంచానికి ఎదురుగా నేల మీద కూర్చుంది. కొంగు తల మీదే ఉంది గానీ ముఖం నావైపు ఉంది. అన్నంలో చారు పోసి మెత్తగా పిసికి ముద్ద ఎత్తింది.

"నోరు తెరువు కొడుకా" అంది.

నేను సిగ్గుతో ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆమె చెయ్యి దించలేదు.

"అక్కడ నా బిడ్డ, దాని కడుపుల ఇంకో బిడ్డ. ఇక్కడ నువ్వు పస్తు. నేను ఎవరి దగ్గర కూసోవాలె? నువ్వు ఇంత తింటె నాకు ఒక ఫికరన్న తప్పుతది."

నేను నోరు తెరిచాను.

ఆ తర్వాత రోజూ వచ్చి తినిపించింది. తినిపిస్తూ వార్డు సంగతులు చెప్పేది. పక్క మంచం ఆమె గురక గురించి చెప్పేది, కడుపులో బిడ్డ తంతున్నదని చెప్పేది. ఒక పూట ఇంట్లోకి వస్తూనే, "జ్వరం దిగింది" అంది. ఆ పూట ముద్దలు కొంచెం పెద్దవయ్యాయి. ఆమె అంత మాటకారి అని నాకు అప్పుడే తెలిసింది. ఆమె మోకాళ్లు కూడా వాచి ఉన్నాయని మాత్రం చెప్పలేదు. ఆ ముద్దలతోనే లేచి, కర్ర పట్టుకుని దవాఖానకు నడిచాను. నన్ను చూసి నా భార్య ఏడ్చింది, తర్వాత నా గడ్డం చూసి నవ్వింది.

నా భార్య ఇంటికి వచ్చిన రోజు అత్త మళ్లీ తలుపు చాటుకు వెళ్లబోయింది. "అత్తమ్మా, ఇటొచ్చి కూసో" అన్నాను. నేను ఆమెను పిలవడం అదే మొదలు. నా భార్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నేను లేకుంటెనే లైను కలిసినట్టున్నది" అంది. అత్త వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ముందు గదిలోనే కూర్చుంది.

ఇప్పుడు బడికి పోతున్న మా బిడ్డ ఆ చలికాలంలో పుట్టింది. నా వేళ్లకు పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. అత్త పాత చీర ముక్కలో చుట్టిన పిల్లను తెచ్చి నా ముందు నిలబడితే, జారిపోతుందేమోనని వద్దన్నాను. ఆమె పిల్లను నా అరచేతుల్లో పెట్టి, తన చేతులు నా చేతుల కింద ఆనించింది. పిల్ల ఒకసారి మెదిలి మళ్లీ నిద్రపోయింది. నేను ఆ చిన్న ముఖాన్నే చూస్తూ ఉండిపోయాను. అత్త తన చేతులు ఎప్పుడు తీసిందో నాకు తెలియలేదు.