రేష్మా రాసిన రెండు వాక్యాలు

జమ్మలమడుగులో ఇంగ్లీషు టీచరుగా చేరిన కొత్తలో జరిగింది ఇది. ఇంగ్లీషులో ఒకే మాట నామవాచకంగానూ, క్రియగానూ వస్తుందని ఏడో తరగతికి పాఠం చెప్పి, ‘కాల్’ అనే మాటతో రెండు రకాలుగానూ ఒక్కో వాక్యం రాసుకు రమ్మన్నాను.

మరునాడు తల్లిదండ్రుల మీటింగు. అరవై నోట్‌బుక్కులు గబగబా దిద్దేశాను. రేష్మా రాసిన రెండు వాక్యాల్లో ఒక్క తప్పూ లేదు. ఎర్ర సిరాతో ‘గుడ్’ అని పెట్టాను.

మీటింగుకు రేష్మా వాళ్ల అమ్మ వచ్చింది. భర్త కువైట్‌లో డ్రైవరు. కూతురి నోట్‌బుక్ చూపించి మెచ్చుకున్నాను.

“నాకు సదువు రాదు సార్. ఏం రాసిందో తెలుగులో చెప్పండి” అందామె మురిసిపోతూ.

రేష్మా నా చొక్కా పట్టుకుని లాగింది. సిగ్గుపడుతోందనుకుని గట్టిగానే చదివాను.

“నిన్న మామకు కువైట్ నుంచి కాల్ వచ్చింది. నాన్న ఇంకెప్పుడూ కాల్ చేయడు.”

చివరి మాట నోటినుంచి వచ్చేశాక గానీ దాని అర్థం నా తలకెక్కలేదు.

“ఏంది సార్? ఏంటికి చేయడు?” అంటూనే ఆమె కూతురి మొహం చూసింది. అక్కడే కూలబడిపోయింది.

శవం ఊరికి చేరేదాకా ఆమెకు తెలియనివ్వకూడదని ఇంటి పెద్దలు అనుకున్నారట.

“ఎవురికీ చెప్పొద్దన్యాడు మామ. ఇంగ్లీషులో రాస్తే అమ్మీకి తెల్దనుకుంటి సార్” అని వెక్కివెక్కి ఏడ్చింది రేష్మా.

ఇప్పుడు పిల్లలు రాసింది దిద్దేముందు ఒకసారి ఊరికే చదువుతాను. రేష్మా రాసిన ఆ వాక్యాల కింద నేను పెట్టిన ‘గుడ్’ను మాత్రం ఎవరూ కొట్టేయలేదు.