అక్క పెళ్లిలో హార్టు బుడగలు

ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదివే ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు (తెలిసినవి మాత్రం పరీక్ష రాసి బయటికి రాగానే మరిచిపోయేవాణ్ని). కండ్లకోయ నుంచి కాలేజీ బస్సులో వచ్చి మేడ్చల్‌లో దిగి నడుస్తుంటే, మా వాడకట్టుకంతటికీ శాస్త్రవేత్తను నేనే అన్నట్టుండేది నా నడక.

సరిగ్గా అప్పుడే అక్క పెళ్లి కుదిరింది. చర్చి మెట్లు దిగే జంట మీద అందరూ పూలరేకులు చల్లుతారు కదా, నేను హార్టు ఆకారంలో సబ్బు బుడగలు ఎగరేస్తానన్నాను. తీగను హార్టులా వంచి, సబ్బునీళ్లలో ముంచి అక్కకు చూపించాను. తీగ మధ్యలో పలచని పొర అచ్చం హార్టులాగే రంగులు చిమ్ముతూ మెరిసింది. ఇంకేం కావాలి? ఊది చూద్దామన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. అక్క మురిసిపోయి, అల్వాల్‌లో కాబోయే అత్తగారికి అప్పుడే ఫోన్ చేసి, మా తమ్ముడు ఇంజనీరు (ఇంకా రెండేళ్ల చదువుంది), హార్టు బుడగలు చేస్తున్నాడని చెప్పేసింది. అత్తవారింట ఆమె చెప్పుకున్న మొదటి గొప్ప నేనే.

పెళ్లిరోజు ఆ అత్తవారి చుట్టాలందరూ మెట్లకు రెండు పక్కలా నిలబడి ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. ఊదాను. తీగను వదిలేదాకా వంకరటింకరగా ఊగిన బుడగ, వదలగానే గుండ్రమైంది. గట్టిగా ఊదాను, మెల్లగా ఊదాను, తీగను ఇంకాస్త వంచాను. అన్నీ గుండ్రమే. సబ్బు పొర తనను తాను అన్నివైపులా బిగించుకుంటుందనీ, లోపలి గాలిని అతి తక్కువ పొరతో కప్పగలిగేది గోళమే కనుక బుడగ గుండ్రమవుతుందనీ ఆ నెలలోనే పరీక్షలో బొమ్మ గీసి మరీ రాశాను. మార్కులూ వేశారు. తలతన్యత జవాబుపత్రంలోనే ఉంటుందనుకున్నాను గానీ, అక్క పెళ్లికి కూడా వస్తుందనుకోలేదు.

అక్క అత్తగారు నా పక్కకొచ్చి, "హార్టులు ఎప్పుడొస్తయి బిడ్డా?" అని అడిగింది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. గాలి జోరుగా ఉందని ఏదో గొణిగాను. అప్పుడు ఆకు కూడా కదలడం లేదు.

అది విన్న అక్క ఇటు తిరిగి, "మా తమ్ముడు బుడగలనే అన్నడు అత్తమ్మా. హార్టులని నేనే కలిపి చెప్పిన" అంది.

కొత్తకోడలు అత్తగారితో ఆడిన మొదటి అబద్ధం అది, అదీ నా కోసం.

ఆ పెళ్లి ఫొటో పేట్ బషీరాబాద్‌లో అక్కావాళ్ల ఇప్పటి ఇంటి హాల్లో ఉంది. బుడగల మధ్య అందరూ నవ్వుతుంటే, నేనొక్కణ్నే లోపం ఎక్కడుందా అని తీగలోకి తొంగిచూస్తున్నాను. ఆ కుర్రాణ్ని చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. ఫొటో చూస్తున్న నాకు టీ కప్పు అందించే అక్క ముఖంలోకి చూడాలంటేనే ఇప్పటికీ సిగ్గు.